రెండు వందల పదిహేడో బిళ్ళ

నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే చదివేవాళ్ళు మన్నించాలి. యాభై ఆరో ఏట పలక పట్టినదాన్ని. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాస్తాను. అందుకే ఇంత చిన్న కథకు ఏడు నెలలు పట్టింది. కథ జరిగే కాలానికి నేను ఉండను. అయినా అప్పటి మనుషులు మనకంటే మరీ వేరుగా ఉంటారని నాకు అనిపించదు.

క్రీస్తు శకం 2094. చందమామ దక్షిణ ధ్రువం దగ్గర, ఎండ ఎన్నడూ తగలని లోతైన గుంటలో ఒక మంచుగని ఉంది. రాతిలో కలిసి గడ్డకట్టిన నీటిని అక్కడ తవ్వి తీస్తారు. కాలనీ తాగేది ఆ నీళ్ళే. పీల్చేది ఆ నీళ్ళలోంచి విడదీసిన ఆక్సిజనే. గనిలో దిగే రెండు వందల ఎనభై మందిలో సగానికి పైగా మందమర్రి, బెల్లంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ తాతలు భూమి కింద బొగ్గు తవ్వారు. వీళ్ళు చందమామ కింద మంచు తవ్వుతున్నారు.

వాళ్ళతోపాటు ఇత్తడి బిళ్ళ కూడా వచ్చింది. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన బిళ్ళను దీపాల గదిలోని బోర్డు మీద కొక్కేనికి తగిలిస్తాడు. పైకి వచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. మొదట్లో కంపెనీ అందరి మణికట్టుకూ ఎలక్ట్రానిక్ ట్యాగులు కట్టింది. ఆ చలికి అవి మొరాయించి, ఉన్నవాణ్ణి లేడని, లేనివాణ్ణి ఉన్నాడని చెప్పసాగాయి. "మా తాత బిళ్ళ ఎన్నడూ అబద్ధమాడలే" అని కార్మికులు పట్టుబట్టి ఇత్తడి బిళ్ళలు తెప్పించుకున్నారు. అయితే చందమామ మీద బిళ్ళకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. షిఫ్టు చివర ఒక్కో సొరంగం వరుసలోని ఆఖరి బిళ్ళ తీయగానే ఆ వరుస బరువు తగ్గి, ఆ సొరంగానికి గాలి పంపే కవాటం, దాని వెంట తలుపూ వాటంతటవే మూసుకుంటాయి. ఖాళీ సొరంగానికి పంపడానికి అక్కడ గాలి ఎక్కువ లేదు.

పదకొండేళ్ళ కింద మూడో సొరంగంలో ఒక మనిషి ఉండగానే ఆ కవాటం మూసుకుంది. అతని పేరు ఓదెలు. అతని బిళ్ళ 217.

ఓదెలు భార్య సారక్క ఆ దీపాల గదిలోనే పని చేసేది. గనివాళ్ళ తల దీపాలకు చార్జింగ్ పెట్టి, తుడిచి, అరల్లో సర్దడం ఆమె పని. ఆ గదిలో పదిమంది ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళకు ఒక అలవాటు ఉండేది. షిఫ్టు ముగియడానికి పావుగంట ముందే తమ మొగుళ్ళ బిళ్ళలు తీసి వాళ్ళ దీపం అరల్లో వేసేవారు. స్నానాల గదిలో వేడినీళ్ళు మొదట వచ్చిన నలభై మందికే సరిపోయేవి. బోర్డు దగ్గర వరుసలో నిలబడితే చన్నీళ్ళే గతి. చలిలో పది గంటలు తవ్వి వచ్చిన మనిషి ఒంటి మీద కాసిని వేడినీళ్ళు పడాలని అందరూ చేసే పని అది. బోర్డు కాపలాదారు లింగమూర్తి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఓదెలు చనిపోయిన రోజు మాత్రం తాను ఆ బిళ్ళ ముట్టలేదని సారక్క ప్రమాణం చేసి చెప్పింది. ఆ ఉదయం ఇద్దరికీ గొడవ అయింది. భూమికి తిరిగి వెళదామని ఆమె రోజులు లెక్కపెడుతుంటే, అతను ఆమెకు చెప్పకుండా ఇంకో మూడేళ్ళకు ఒప్పుకుని వచ్చాడు. "ఇయ్యాల నీ బిళ్ళ నువ్వే తీస్కో. నీ నీళ్ళు నువ్వే కాచుకో" అని ఆమె అన్నది. అతనితో ఆమె అన్న ఆఖరి మాట అదే. పదకొండేళ్ళుగా ఆ మాటను మరిచిపోయిన రోజు లేదు.

విచారణ అధికారి ఆమె చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాడు. లింగమూర్తి తొందరగా ఇంటికి పోవడానికి బిళ్ళ తీసేశాడని తేల్చారు. అతణ్ణి చెత్త వేరుచేసే గదికి పంపారు. ఉసురు తీసినోడు అన్న పేరు అతనికి అంటుకుపోయింది.

యాభై దాటాక సారక్క కాలనీలోని పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆమె మొదట తీసి చదివింది ఆ వేలిముద్ర కాగితమే. "నేను బిళ్ళ ముట్టలేదు" అని అందులో ఉంది. దాని కింద, "కాపలాదారు తప్ప మరెవరికీ బిళ్ళ తీసే వీలు లేదు" అని కూడా ఉంది. ఆ రెండో మాట ఆమె అనలేదు. ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు కూడా.

ఆ కాగితం పట్టుకుని ఆమె డాక్టర్ రెహానా దగ్గరికి వెళ్ళింది.

రెహానాది కరీంనగర్. శేషదర్శిని అనే యంత్రాన్ని కనిపెట్టింది ఆమే. మనిషి చేత్తో ముట్టిన ప్రతి వస్తువు మీదా చెమట ఉప్పు, చర్మపు నలుసులు కంటికి ఆనని పలచని పొరగా మిగులుతాయి. రెహానా దానికి స్పర్శశేషం అని పేరు పెట్టింది. భూమి మీద గాలి, తేమ, పురుగు దాన్ని నాలుగు రోజుల్లో తినేస్తాయి. గాలి తీసేసిన డబ్బాలో పెట్టి చందమామ చలిలో ఉంచితే వందేళ్ళయినా పోదు. శేషదర్శిని ఆ పొరలను పైనుంచి ఒక్కొక్కటే లేపి చదువుతుంది. పొర మీద విశ్వకిరణాలు గీసిన గీతలను లెక్కపెట్టి ఏ రోజుదో, ఏ గంటదో చెబుతుంది. ఎవరి చెయ్యో ఆరోగ్యశాఖ జాబితాతో పోల్చి చెబుతుంది. ఒకసారి చదివిన పొర ఇక మిగలదు.

ఆ సరికే నాలుగు వందల పన్నెండు మంది తమ తమ కేసులు తిరిగి చూడమని దరఖాస్తులు పెట్టుకుని ఉన్నారు. 217వ బిళ్ళ విచారణ నాటి నుంచి పదకొండేళ్ళుగా గాలి తీసి సీలు వేసిన డబ్బాలో ఉంది కాబట్టి రెహానా దాన్ని ముందుగా తీసుకుంది.

"బిళ్ళనీ, దాంతోపాటు దాచిన గాలి గొట్టం ముక్కనీ రెండూ చదవాలి అక్కా. నలభై రోజులు పడుతుంది" అన్నది రెహానా. "రిపోర్టు ఇంగ్లీషులో వస్తది. చిటికెలో తెలుగు చేసి ఇస్త."

"వద్దు బిడ్డా."

"ఎందుకు?"

"అప్పుడు గూడ వేరేటోళ్ళే సదివి ఇనిపిచ్చిన్రు. యంత్రం ఏది రాస్తదో అదే నాకియ్యి. నేనే సదువుకుంట."

"నీకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చా?"

"పెద్దవి వస్తయి. చిన్నవి సగం వస్తయి. నలభై దినాలున్నయి గదా."

ఆ మరునాటి నుంచి షిఫ్టు ముగిశాక గంటసేపు చదువు మొదలైంది. అక్షరాలు పదిరోజుల్లో వచ్చాయి. చిన్న చిన్న మాటలు ఇంకో పది రోజుల్లో వచ్చాయి. క్రియల దగ్గర బండి ఆగిపోయింది. శేషదర్శిని నివేదికలన్నీ పర్ఫెక్ట్ రూపాల్లోనే ఉంటాయి. జరిగిన పని, దాని గుర్తు ఇంకా మిగిలి ఉన్న పని, అదొక్కటే ఆ యంత్రానికి తెలుసు.

"అయిపోయింది అయిపోయినట్టు చెప్పక ఈ హ్యావ్‌లు, హ్యాడ్‌లు ఎందుకు బిడ్డా? ఎడ్ల మెడల గంటల లెక్క ప్రతిదానికీ కడుతున్నరు."

రెహానా ఫ్లాస్కులోంచి కప్పులోకి చాయ్ వంచింది. "చాయ్ చేసిన అంటే ఎప్పుడు చేసినట్టు?"

"నాకెట్ల ఎరుక? నిన్ననో, మొన్ననో."

"చాయ్ చేసి ఉన్న అంటే?"

సారక్క కప్పును రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసింది. "ఇంకా ఉన్నట్టు. వేడిగున్నట్టు."

"అదే ప్రెజెంట్ పర్ఫెక్ట్. పని అయిపోయింది. వేడి పోలేదు."

హ్యాడ్ ఇంకా కష్టమైంది. రెండు పనులూ గడిచిపోయినవే, కానీ ఒకటి ఇంకొకదానికి ముందే అయిపోయి ఉంటుంది అని రెహానా రకరకాలుగా చెప్పింది. చివరికి సారక్కే దారి కనుక్కుంది. "గది వెనక గది అన్నట్టు. ముందలి గదిల నిలబడి వెనక గదిలకు చూసుడు."

"అంతే. ఒక వాక్యం రాయి చూద్దాం. రైలు గురించి రాయి. నేను వెళ్ళేసరికి రైలు పోయి ఉండె అని."

సారక్క పలక మీద చాలాసేపు రాసింది. రెహానా తీసుకుని చూసింది. రైలు లేదు. తలుపు మూసుకునేసరికి ఓదెలు వచ్చి ఉండలేదు అని ఉంది. వాక్యంలో తప్పేమీ లేదు. రెహానా టిక్కు పెట్టి పలక తిరిగి ఇచ్చింది.

ఫ్యూచర్ పర్ఫెక్ట్ చెప్పిన రోజు మాత్రం సారక్క నవ్వింది.

"ఆరింటికల్లా ఆయన వచ్చేసి ఉంటడు అని రాసుడా? మనిషి రాకముందే వచ్చిండని?"

"కష్టంగా ఉందా?"

"కష్టమేంది, ఇది మాకు ఎప్పట్నించో వచ్చు. మనిషి లోపలుండంగనే, ఆ, వచ్చేసి ఉంటడు తియ్ అని బిళ్ళ తీస్తుంటిమి గదా." నవ్వు ఆగిపోయింది. "ఆ దినం ఒక్కనాడు తియ్యలే."

ఇంకో రోజు తలుపు కొట్టడం అన్న మాట వచ్చింది. ఆమె దాన్ని క్నాక్ అని చదివింది.

"నాక్ అక్కా. కే పలకొద్దు."

"పలకనప్పుడు అదెందుకు ఆడ?"

"ఊకెనే నిలబడతది."

"మా మేస్త్రి లెక్కన్నట్టు" అన్నది సారక్క.

నలభయ్యో రోజున రెహానా ఆమెను శేషదర్శిని ఉన్న గదికి తీసుకెళ్ళింది. బీరువా అంత యంత్రం. గాజు మూత కింద బిళ్ళ పడుకుని ఉంది. పదకొండేళ్ళ తర్వాత సారక్క ఆ నంబరును చూడడం అదే. అప్పట్లో అది ఆమెకు ఒక బొమ్మ. ఇప్పుడు రెండు, ఒకటి, ఏడు.

"బిళ్ళ మీద మిగిలినవి ఆఖరి రోజు పొరలు రెండే" అన్నది యంత్రం. దానికి ఆడా మగా కాని గొంతు ఉంది. "చదివితే అవి మిగలవు. దరఖాస్తుదారు అనుమతి కావాలి."

"నువ్వు సదివినంక ఇంకెవలన్న చూడొస్తదా?"

"రాదు. నా నివేదికే మిగులుతుంది."

"నువ్వు అబద్ధం రాస్తే?"

"నాకు ఎవరూ ఏమీ కారు. అందువల్ల రాయలేను."

"సదువు" అన్నది సారక్క.

రెండు కాగితాలు సీలు వేసిన కవరులో వచ్చాయి. దరఖాస్తుదారు సంతకం చేసేదాకా ఆమె తప్ప అది ఇంకెవరూ చదవకూడదు. ఆమె వద్దనుకుంటే చింపేయవచ్చు. అప్పుడు పాత విచారణే నిలుస్తుంది. ఆ సంగతి చెప్పి రెహానా వెళ్ళి కిటికీ దగ్గర, అటు తిరిగి నిలబడింది.

సారక్క మొదటి కాగితం మీద వేలు పెట్టింది. గాలి గొట్టం గురించి ఉంది. ఒక్కో మాట దగ్గరా వేలు ఆగింది. హీ. హ్యాడ్. బీన్. నాకింగ్. ఈసారి కే పలకలేదు. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, పానాతో దాని మీద కొడుతూ ఉన్నాడు. రెండు గంటల పది నిమిషాలు కొడుతూ ఉన్నాడు. దీపాల గదిలో అప్పటికే అందరూ వెళ్ళిపోయి ఉన్నారు. గది వెనక గది. ముందు గదిలో ఎవరూ లేరు.

చాలాసేపటికి రెండో కాగితం తిప్పింది. అందులో నాలుగే వరుసలు ఉన్నాయి. ఉదయం ఆరింటికి బిళ్ళను తగిలించిన చెయ్యి ఓదెలుది. సాయంత్రం కవాటం మూసుకోవడానికి ఇరవై నిమిషాల ముందే బిళ్ళ తీయబడి ఉంది. అతని బొటనవేలి గుర్తు మీద ఇంకొక్కరి బొటనవేలి గుర్తు మాత్రమే ఉంది. నాలుగో వరుసలో ఒక పేరు ఉంది.

ఆ పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో బడిలో ఆమెకు అన్నిటికంటే ముందు నేర్పారు. అయినా ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. ఎస్. ఏ. ఏ. ఆర్.

రెహానా వెనక్కి తిరిగేసరికి ఆమె కాగితం మడిచి, విప్పి, మళ్ళీ చదువుతూ ఉంది. వేలు అదే వరుస మీద ఉంది. మొహం చూసి రెహానాకు అర్థమైంది.

"అక్కా, వద్దంటే వద్దనొచ్చు. నేను చదవలే. ఎవరూ చదవలే."

"నేను సదివిన గదా."

"తెల్వక చేసిన పని..."

"అప్పుడు సదువు రాదని ఏలుముద్ర ఏయించుకున్నరు. అండ్ల ఏమున్నదో నాకెరుక లేదన్న. ఇప్పుడేమనాలె?" ఆమె కలం తీసుకుంది. సంతకం పెట్టడానికి చాలా సేపు పట్టింది. ఆఖరి అక్షరం కింది గీత కాగితం అంచు దాకా పోయింది.

చెత్త వేరుచేసే గదిలో లింగమూర్తి రేకు మూతలను ఒకవైపు, ప్లాస్టిక్‌ను ఒకవైపు వేస్తూ ఉన్నాడు. డెబ్బై దగ్గర పడ్డాడు. సారక్క వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తకుండానే పీట జరిపాడు.

"రిపోర్టు వచ్చింది అన్నా."

"ఎవలు సదివి చెప్పిన్రు?"

"నేనే సదివిన."

"ఇంగిలీషుల?"

"ఇంగ్లీషులనే."

అతని చేతులు ఆగాయి. అతను ఆశ్చర్యపోలేదు. ఎప్పుడో రావలసిన మనిషి ఆలస్యంగా వచ్చినట్టు చూశాడు. అది చూసి సారక్క అడిగింది.

"నీకు ఎరుకేనా?"

"ఆ దినం నేను బోర్డు కాడనే కూసున్న. నువ్వు ఏడుస్తున్నవ్. ఒక చేత్తోని కొంగు మొకానికి పెట్టుకున్నవ్. రెండో చెయ్యి వోయి బిళ్ళ తీసింది. ఓదెలు దీపం అరల ఏసింది. నువ్వు అటు చూడనన్న చూడలే."

"మరి ఎందుకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె? ముట్టలేదని ప్రమాణం చేసినవ్. అబద్ధమాడేటోళ్ళ మొకం అట్లుండది సెల్లె. నీకే ఎరుక లేనిదానికి నిన్నెట్ల పట్టియ్యాలె." మూత ఒకటి తీసి చూసి, ప్లాస్టిక్ వైపు వేశాడు. మళ్ళీ తీసి రేకుల వైపు వేశాడు. "నువ్వొక్కదానివేనా? పదిమంది తీస్తుంటే పదేండ్లు చూసిన. పోనీ తియ్, నీళ్ళు సల్లారిపోతయ్ అన్న. బోర్డు కాడ నాకున్నది ఒక్కటే పని, ఆపుడు. ఆపలే. నాది కాదని ఏ నోటితోని అందు?"

సారక్క పీట మీద కూర్చుంది.

"కోపంల ఉన్న అన్నా ఆ దినం" అన్నది ఆమె. "నీ బిళ్ళ నువ్వే తీస్కో అన్న. ఆ మాటనే ఇన్నేండ్లు కోస్తుండె. తియ్యకపోతినే, ఆఖరి దినం చన్నీళ్ళకు ఇడిసిపెడితినే అని."

"నీకు కోపం ఉండె. నీ చేతికి లేకుండె" అన్నాడు లింగమూర్తి.

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఈసారి రెండు చేతులతోనూ కప్పుకుంది.

నెల తిరగకముందే లింగమూర్తిని మళ్ళీ బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. సారక్క చేసింది నేరం కాదని తీర్పు రాశారు. దీపాల గదిలోని మిగతా ఆడవాళ్ళు ఆమె కళ్ళలోకి చూడడం మానేశారు. ఆమె మీద కోపంతో కాదు. ఆ సాయంత్రం బోర్డు మీద చెయ్యి వేసినవాళ్ళు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

ఒకరోజు రెహానా ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది.

"నాలుగు వందల పన్నెండు దరఖాస్తులు ఉండె అక్కా. మూడు వందల అరవై మంది వెనక్కి తీసుకున్నరు. తమ్ముడు పోయిన రోజు మందు సీసా ఎవరు మార్చిన్రో తేల్చమని రోజూ ఫోన్ చేసే ఆయన కూడా. యంత్రం సరిగ్గా లేదట. పాడైందట."

"పాడు కాలే బిడ్డా" అన్నది సారక్క. "బాగనే పని చేస్తున్నదని వాళ్ళకు ఎరుకైంది."

బిళ్ళను ఆమెకే తిరిగి ఇచ్చారు. దాని మీద ఇప్పుడు ఎవరి గుర్తూ లేదు. బోర్డు పక్క గోడ మీద కొత్తగా ఒక నిబంధన అంటించారు. ఎవరి బిళ్ళను వారు తప్ప మరొకరు తీయరాదు అని ఇంగ్లీషులో ఉంది. సారక్క దాని ముందు నిలబడి వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. మర్నాడు ఉదయం గనిలోకి దిగేవాళ్ళ వరుసలో తానూ నిలబడి, తన వంతు వచ్చాక 217ను దాని కొక్కేనికి తగిలించింది.

సాయంత్రం అందరూ పైకి వచ్చి తమ తమ బిళ్ళలు తీసుకున్నారు. మూడో సొరంగం కవాటం మూసుకోలేదు. మేనేజరు వచ్చి బోర్డు చూసి, ఆ ఒక్కటీ తీసేయమని లింగమూర్తికి చెప్పాడు.

లింగమూర్తి గోడ మీది కాగితం వైపు చూపించాడు.

"అది ఓదెలు బిళ్ళ సార్. ఆయన వచ్చి తీస్కోవాలె."

మేనేజరు కాగితం చదివాడు. దీపాలు తుడుస్తున్న సారక్కను చూశాడు. వెళ్ళిపోయాడు.

217 ఇంకా ఆ కొక్కేనికే ఉంది. మూడో సొరంగంలో ఎవరూ లేని గంటల్లో కూడా గాలి వెళుతూనే ఉంది.

దుర్గం శంకరమ్మ
వయసు అరవై ఎనిమిదేళ్ళు
ఇప్పుడు శ్రీరాంపూర్‌లో మా చెల్లెలి దగ్గర ఉంటున్నాను